వీణ ధనమ్మగారి ఇల్లు

మనలో చాలామంది ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే. ఆ ఊరు విడిచి మన పూర్వులు కావేరి ఒడ్డుకో, పాలారు ఒడ్డుకో, చెన్నపట్నానికో వచ్చి ఎన్ని తరాలైనా, ఊరు మాత్రం పేరుకు ముందు కూర్చుని మన వెంట వస్తూనే ఉన్నది. ఆ ఊరు ఏ జిల్లాలో ఉన్నదో చెప్పమంటే చెప్పగలిగేవారు కొద్దిమందే. అది వేరే సంగతి. ఇంటిపేరు తండ్రినుంచి కొడుక్కు సంక్రమిస్తుంది గనుక, వంశవృక్షం వ్రాసి భద్రంగా దాచుకున్న ఇళ్ళల్లో కూడా మగవారి పేర్లే ఏడెనిమిది తరాలు దొరుకుతాయి. అమ్మమ్మను కన్నతల్లి పేరేమిటని అడిగితే తల గోక్కోవలసిందే.

సంవత్సరాది సంచికకు ఒక ఇంటి పెద్దావిడను గురించి వ్రాయాలని కూర్చున్నప్పుడు, మన ఆచారానికి సరిగ్గా ఎదురు దారిన నడిచిన ఒక కుటుంబం నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ వంశవృక్షంలో తల్లి, కూతురు, మనుమరాలు, ఇట్లా ఆడవారి పేర్లే ఏడు తరాలు వరుసగా దొరుకుతాయి. తంజావూరు ఆస్థానంలో పాడి ఆడిన పాపమ్మాళ్ మొదటిది. ఆమె తరువాత రుక్మిణి, ఆ తరువాత కామాక్షి, కామాక్షి కూతురు సుందరమ్మాళ్, సుందరమ్మాళ్ కూతురు ధనమ్మాళ్. లోకం ఆమెను వీణ ధనమ్మాళ్ అన్నది. నేను మన అలవాటు ప్రకారం ధనమ్మగారు అని వ్రాస్తాను.

తంజావూరు దేవదాసీ కుటుంబంలోని ఒక స్త్రీకి మన సంచికలో చోటెందుకని ఎవరైనా అడగవచ్చు. మన కృష్ణాతీరంలో పుట్టిన క్షేత్రయ్య పదాలు ఈనాడు కచేరీలో వినబడుతున్నాయంటే, అందులో చాలా భాగం ఆవిడ పెట్టిన భిక్ష. ఆ సంగతి తెలుగువారందరికీ తెలియవలసినంతగా తెలియదు.

క్షేత్రయ్య 17వ శతాబ్దివాడు. మువ్వ గ్రామపు గోపాలస్వామి పేర పదాలు చెప్పి, తిరుగుతూ తిరుగుతూ దక్షిణానికి వచ్చి, తంజావూరును 1634 మొదలు 1673 దాకా ఏలిన విజయరాఘవ నాయకుని ఆదరణ పొందినాడు. నాయకుల రాజ్యం పోయింది, మహారాష్ట్రుల రాజ్యం వచ్చింది. అయినా తెలుగుపాటకు లోటు రాలేదు. రాజులు మహారాష్ట్రులు, ప్రజలు తమిళులు, పాట తెలుగు. ఇట్లాంటి వింత మరొక దేశంలో జరిగిందో లేదో. త్యాగరాజస్వామి పూర్వులు కాకర్లవారు. శ్యామశాస్త్రులవారి పూర్వులు కంభం ప్రాంతంనుంచి వచ్చినవారు. మనవలెనే ఊరు విడిచి వచ్చిన వాళ్ళ బిడ్డలే కావేరి ఒడ్డున కూర్చుని ఆ పాటను ఆకాశానికెత్తినారు. ఆ పాటను ఆస్థానంలోనూ ఆలయంలోనూ నిత్యం నోట నిలిపినవారిలో దేవదాసీలు ముఖ్యులు. పదం వారి సొత్తు. నాయిక మాట గనుక ఆడగొంతులో పలికినప్పుడే దానికి ప్రాణం.

1855లో, మగసంతానం లేకుండా రాజు పోగా, తంజావూరు సంస్థానాన్ని కుంఫిణీవారు కలిపేసుకున్నారు. పాటకు, ఆటకు అన్నం పెట్టిన చెయ్యి లేకుండా పోయింది. 19వ శతాబ్దంలో అక్కడినుంచి చెన్నపట్నానికి తరలివచ్చిన కళాకారుల కుటుంబాలలో కామాక్షిగారి కుటుంబం ఒకటి. బ్లాక్ టౌను అని పిలుస్తుండిన నేటి జార్జిటౌనులో వారు స్థిరపడినారు. కూతురు సుందరమ్మాళ్ గాయని. శ్యామశాస్త్రులవారి కుమారుడు సుబ్బరాయశాస్త్రిగారి దగ్గర పాఠం చేసిన మనిషి. ఆమె కడుపున 1867లో ధనమ్మగారు పుట్టినారు.

పాట ఇంట్లోనే ఉన్నది. అది చాలదని బయటి గురువులను కూడా ఆశ్రయించినారు. దీక్షితులవారి సంప్రదాయాన్ని సాత్తనూరు పంచనదయ్యగారి దగ్గర నేర్చినారు. ధర్మపురి సుబ్బరాయలుగారు తమ తెలుగు జావళీలను ఆమెకు అందించినారు. ఇక పదాలు నేర్పిన గురువు బాలదాసు నాయుడుగారు. ఆయనకు పదాలలో ఎంత పేరంటే, పదం బాలదాసు అనే పిలిచేవారట. ఆయనకు చూపు లేదు. పుస్తకం చూసి చెప్పే వీలు లేదు, వ్రాసి ఇచ్చే వీలు అసలే లేదు. ఆయన నోటినుంచి వచ్చింది ఈమె చెవిలో పడి నిలవాలి, అంతే. చివరి ఏళ్ళల్లో ధనమ్మగారికి కూడా చూపు పోయింది. అప్పటికి ఆవిడకు పుస్తకంతో పని లేదు.

ఇక్కడ పదమంటే ఏమిటో కొంచెం చెప్పాలి. మన పిల్లలు సినిమాలో విన్నదే పదం అనుకుంటున్నారు. కీర్తనలో స్వరం ముందు నడిస్తే మాట వెంట నడుస్తుందని స్థూలంగా అనుకోవచ్చు. పదంలో రెండూ భుజం భుజం కలిపి నడవాలి. నడక చాలా నిదానం. ఒక అక్షరానికీ మరొక అక్షరానికీ మధ్య ఎంతో ఎడం ఉంటుంది. ఆ ఎడమంతా రాగమే. అక్కడ స్వరం ఊగే తీరును కాగితం మీద పెట్టడానికి ఇప్పటికీ సరియైన గుర్తులు లేవు. స రి గ మ అని వ్రాసుకున్నవాడికి ఎముకలు దొరుకుతాయి గాని మనిషి దొరకడు. పైగా క్షేత్రయ్య పదాన్ని అనుపల్లవితో ఎత్తుకుని తరువాత పల్లవికి రావడం సంప్రదాయం. అచ్చుపుస్తకంలో పల్లవి ముందుంటుంది. పుస్తకం ఒక్కటే చేత పట్టుకున్నవాడు మొదటి అడుగులోనే తప్పుతాడు.

ఇంకొక చిక్కు ఆ మాటలది. క్షేత్రయ్యది కావ్యభాష కాదు. పెరటిగోడ దగ్గర నిలబడి ఆడవాళ్ళు చెప్పుకునే మాట. కినుక, ఎత్తిపొడుపు, సిగ్గు, తనను మోసగించిన మగవాడిమీద వెటకారం, అంతలోనే వాడు వస్తే బాగుండునన్న ఆశ. పలుకు కొంచెం పక్కకు జరిగితే ఎత్తిపొడుపు తిట్టైపోతుంది, ఆశ బతిమాలుటైపోతుంది. అరవదేశంలో తరతరాలుగా ఉన్న ఒక ఇంటివారు ఇంత సున్నితమైన వస్తువును చెడకుండా చేతులు మార్చినారంటే సామాన్యం కాదు. మూడువందల ఏళ్ళనాటి కృష్ణాతీరపు పలుకుబడి వారి నోట నిలిచింది. గోదావరి సీమలో మన కళావంతుల ఇళ్ళల్లోనూ పదం బ్రతికింది. ఆ వరుస వేరు, అభినయం వేరు. వారి కథ మరొకసారి చెప్పుకుందాము. కచేరీ వేదికమీద ఈనాడు మనం వినే పదం మాత్రం ఎక్కువగా ధనమ్మగారి ఇంటి బాణీయే.

ఆ ఇల్లు జార్జిటౌనులో రామకృష్ణ వీధిలో ఉండేది. ప్రతి శుక్రవారం సాయంకాలం ఆవిడ వీణ వాయించేవారు. అది కచేరీ కాదు. టిక్కెట్టు లేదు, మృదంగం లేదు, పందిరి లేదు. దీపం వెలుగులో ఆవిడ కూర్చుని, మీటును వాడక వట్టి వ్రేళ్ళతోనే తీగలను పలికించేవారు. వీణకు తోడుగా తానే సన్నగా పాడుకునేవారు. వీణ ఎక్కడ ఆగిందో గొంతు ఎక్కడ అందుకున్నదో తెలియకుండా ఉండేదట. నాదం చాలా చిన్నది. అందువల్ల వినడానికి వచ్చినవారు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవలసి వచ్చేది. పేరుపడిన విద్వాంసులు కూడా ఆ గదిలో చాపమీద శిష్యులవలె కూర్చునేవారు. ఉత్తరాదినుంచి వచ్చిన అబ్దుల్ కరీంఖాన్ సాహెబు ఆవిడ వీణ విని ముగ్ధులైనారు. సభాష్ అని కేక వేయడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేదు. ఈనాటి మన సభలలో, మైకు గొంతెత్తి అరుస్తుంటే వెనక వరుసలో కాఫీ కప్పుల చప్పుడు వింటున్నప్పుడు, ఆ గది గుర్తుకొచ్చి నాకు సిగ్గు వేస్తుంది. నేనూ ఆ వెనక వరుసలోని వాడినే.

అదే పేటలో, ఆ ఇంటికి మరీ దూరం కాకుండా, తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక కార్యాలయం ఉండేది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆ పత్రిక చెన్నపట్నం వచ్చి 1914లో దినపత్రిక అయినది. కొత్వాలు చావడి దగ్గర మన కోమట్ల కన్యకాపరమేశ్వరి ఆలయం. తెలుగువారి గ్రంథాలను తరాల తరబడి అచ్చువేసిన వావిళ్ళవారి ముద్రణాలయం కూడా ఈ పట్నంలోనిదే. వ్రాత తెలుగు అచ్చు యంత్రాల చప్పుడులో పెరుగుతుండగా, పాట తెలుగు పక్క వీధిలో ఒక ముసలమ్మగారి వేలికొసల మీద నిలిచి ఉన్నది. ఆ రెండు తెలుగులూ ఒకదానినొకటి ఎంతవరకు పలకరించుకున్నాయో! అచ్చైన శృంగారానికి ఆ రోజుల్లో గండాలు కూడా ఉండేవి. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని కావ్యం రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ప్రకటిస్తే, అది అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. అంతకు తక్కువకాని శృంగారం ధనమ్మగారి ఇంట ప్రతి శుక్రవారం వీణమీద నడుస్తూనే ఉన్నది. పోలీసువారికి వీణ భాష తెలియదు గాబోలు.

ధనమ్మగారికి నలుగురు కూతుళ్ళు: రాజలక్ష్మి, లక్ష్మీరత్నం, జయమ్మాళ్, కామాక్షి. చిన్నకూతురికి తన అమ్మమ్మ పేరు పెట్టుకున్నారు. నలుగురికీ పాట వచ్చు. పిల్లలు, మనుమలు, మనుమరాళ్ళు, వచ్చేపోయే శిష్యులు. ఇంత ఇల్లు ఆవిడ వేళ్ళమీద నడవాలి. అట్లాగని సిరిసంపదలు పోగైనవనుకోరాదు. పేరు వచ్చినంత డబ్బు రాలేదు, వచ్చినది నిలవలేదు. చివరి ఏళ్ళు ఇబ్బందిగానే గడిచినాయి. ఆవిడ ముక్కుసూటి మనిషి, మాట కొంచెం పదును. పాటలో నలుసంత తేడా కూడా సహించలేని మనిషికి మెత్తని మాట ఎక్కడినుంచి వస్తుంది? మన ఇళ్ళల్లోనూ అటువంటి అమ్మమ్మలను చూసినాము. పప్పులో ఉప్పు తక్కువైతే అల్లుడు పక్కన ఉన్నాడని కూడా చూడరు.

ఆ కుటుంబానికి మరొక పెద్ద గండం వచ్చింది. దేవదాసీ వృత్తిమీద 19వ శతాబ్ది చివరనుంచి దాడి ప్రారంభమైనది. బాలికలను ఆలయాలకు అర్పించే ఆచారంలో అన్యాయం ఉన్నమాట నిజమే, దానిని తుదముట్టించవలసిందే. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి దానిని నిషేధించింది కూడా. కాని అన్యాయాన్ని తోసే ఊపులో ఆ స్త్రీల పాటను, ఆటను, మర్యాదను కూడా వీధిలోకి తోసినారు. వేశ్యల ఆట అని పెద్దమనుషులు మొగం తిప్పుకుంటున్న రోజులలో, 1925లో కంచి కామాక్షి సన్నిధిలో ఏడేళ్ళ పిల్ల గజ్జె కట్టింది. ఆ పిల్ల ధనమ్మగారి మనుమరాలు, జయమ్మాళ్ కూతురు బాలసరస్వతి. నట్టువనారు కందప్ప పిళ్ళె. పిల్లకు నాట్యం నేర్పించడానికి ఇంట్లోనే వెనుకాముందూ ఆడినవారున్నారు. జయమ్మాళ్ పట్టుబట్టింది. తరువాత ఎన్నో ఏళ్ళు, కూతురు ఆడుతుంటే పక్కన కూర్చుని పదం పాడింది ఆ తల్లే.

బాలసరస్వతికి అభినయంలో మెళకువలు చెప్పినవారిలో మన కూచిపూడి వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఉన్నారు. కృష్ణాజిల్లాలో పుట్టి దక్షిణానికి వచ్చి తంజావూరు ఇంట పెరిగిన పదానికి, కృష్ణాజిల్లానుంచే వచ్చిన ఒక బ్రాహ్మణుడు చెన్నపట్నంలో మళ్ళీ అర్థం విప్పి చెప్పినాడు. పుట్టింటివారు వచ్చి చీర పెట్టినట్లున్నది ఈ సంగతి. అభినయించేటప్పుడు బాలసరస్వతి తానే పాడేవారు. ఒకే పంక్తిని పదిసార్లు తిప్పి పాడుతూ పదిరకాల మనసును చూపగలగాలంటే, మాట లోతు తెలియకుండా జరిగే పని కాదు.

1932లో కొలంబియా కంపెనీవారు ధనమ్మగారి వీణను రికార్డు చేసినారు. అప్పటి గ్రామఫోను ప్లేటుకు ఒక్కొక్క వైపు మూడు నిమిషాల పైచిల్లర మాత్రమే పట్టేది. నింపాదిగా పాడితే ఒక పదానికి పది నిమిషాలైనా కావాలి. శుక్రవారం సాయంకాలాన్ని ఆ నల్లని ప్లేటుమీదికి ఎక్కించడం సముద్రాన్ని చెంబులో పట్టడమే. అయినా చెంబెడైనా మిగిలింది. నాలుగైదు తరాల తరువాత పుట్టిన మనం ఆ వేలిని ఇప్పటికీ వినగలుగుతున్నాము.

1938 ఏప్రిల్‌లో ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పోయినారు. జూన్ 16న చెన్నపట్నంలో ఆలిండియా రేడియో కేంద్రం వెలిసింది. అక్టోబరు 15న ధనమ్మగారు కన్నుమూసినారు. పుట్టినప్పుడు రాజుల ఆస్థానాలు అంతరిస్తున్నాయి, పోయేనాటికి పాట గాలిలో ప్రయాణం నేర్చింది. 71 ఏళ్ళు. శుక్రవారపు దీపం ఆరింది.

పాట ఆరలేదు. చిన్నకూతురు కామాక్షిగారి పిల్లలు బృంద, ముక్త జంటగా పాడేవారు, వారి చెల్లెలు అభిరామసుందరి వయొలిను వాయించేవారు. బృందగారు 1912లో పుట్టినారు. కాంచీపురం నాయనా పిళ్ళెగారి దగ్గర కీర్తనల పాఠం చేసినా, పదాలు, జావళీలు మాత్రం ఇంటి ఆస్తి. కంఠం కొట్టుకునే పాట కాదు, చప్పట్లు రాబట్టుకునే పాట అంతకన్నా కాదు. అందువల్ల జనానికి అందడం ఆలస్యమైనది. విద్వాంసులకు మాత్రం వారి విలువ తెలుసు. రామనాథపురం కృష్ణన్‌గారివంటి మహాగాయకులు పదానికి బృందగారినే ఆశ్రయించినారు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు ఆమె దగ్గర పదాలు నేర్చుకున్నారు. ఈ తరంలో అరుణా సాయిరాం, చిత్రవీణ రవికిరణ్ ఆ శిష్యకోటిలోనివారే. మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు 1973లో బాలసరస్వతిగారికి, 1976లో బృందగారికి వచ్చింది. ఆ 1976లోనే సత్యజిత్ రాయ్ బాలసరస్వతిగారిమీద చిత్రం తీసినారు.

జయమ్మాళ్ కొడుకులలో రంగనాథన్ మృదంగ విద్వాంసుడు, విశ్వనాథన్ వేణువు. ఇద్దరూ అమెరికా వెళ్ళి, వెస్లియన్ విశ్వవిద్యాలయంలో అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పినారు. మువ్వనుంచి తంజావూరుకు, తంజావూరునుంచి చెన్నపట్నానికి వచ్చిన పదం అట్లా సముద్రం దాటింది. అక్కడ నేర్చిన పిల్లలకు తెలుగు రాదు. మాట చెడకుండా చెప్పించే బాధ్యత గురువుది.

మన సంగతి కొంత చెప్పుకోక తప్పదు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత, తరగతి వెంట తరగతిగా పదవ తరగతిదాకా తమిళం తప్పనిసరి అయినది. తెలుగు బడులలో తెలుగు చదివేవారు తరిగిపోయినారు. ఆ చట్టంమీద మనం అర్జీలు పెట్టినాము, కోర్టులకు వెళ్ళినాము, వెళ్ళవలసిందే. ఇంట్లో మాట ఉన్నది, బడిలో అక్షరం లేదు, ఇది మన పిల్లల స్థితి. మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే మనుమరాలు ఈ వ్యాసం చదవలేదు. ఎవరో చదివి వినిపించాలి. ఇది తలుచుకుని దిగులుపడినప్పుడల్లా, చూపులేని బాలదాసు నాయుడుగారు చెప్పిన పదాన్ని ధనమ్మగారు నోట నిలుపుకున్న సంగతి గుర్తుకు తెచ్చుకుంటాను. అక్షరం అక్కరలేదని నా భావం కాదు. కాని అక్షరం చేతికి రావడానికి ఆలస్యమవుతున్నప్పుడు, మన అమ్మమ్మలు ఏమి చేస్తున్నారు? లాలిపాట, సామెత, వియ్యాలవారిమీది వెక్కిరింత, పండుగనాటి కథ, ఇవైనా తప్పులేకుండా పిల్ల నోట పలికిస్తున్నారా? పిల్ల తప్పు పలికితే ఆగి దిద్దుతున్నారా, ముద్దుగా ఉన్నదని నవ్వి ఊరుకుంటున్నారా? ధనమ్మగారైతే నవ్వి ఉండేవారు కారు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. బృంద, ముక్త, బాలసరస్వతి, రంగనాథన్, విశ్వనాథన్, ఈ పేర్లన్నిటికీ ముందు ఇంగ్లీషులో టీ అనే పొడి అక్షరం ఒకటి కనబడుతుంది. అది తండ్రి పేరు కాదు. తంజావూరు. వీరందరూ పెరిగింది చెన్నపట్నంలో. బృందగారి అమ్మమ్మ ధనమ్మగారు, ఆ ధనమ్మగారి అమ్మమ్మ కామాక్షి. ఆ అమ్మమ్మకు అమ్మమ్మ ఎప్పుడో మూట కట్టుకుని విడిచివచ్చిన ఊరు అది. 1996లో బృందగారు పోయేదాకా ఆమె పేరు ముందే ఉన్నది.